కడిగిన ఫిల్టరే రెండు రోజులకు మళ్లీ పూడుకుపోతుంటే

హాట్ టబ్ (వేడినీటిలో కూర్చునే తొట్టి) ఫిల్టర్‌ను ప్రతి వారం గొట్టంతో కడుగుతున్నా, రెండు రోజులకే నీటిని చిమ్మే జెట్ల ధార బలహీనపడుతుంటే, ఫిల్టర్ మడతల లోతుల్లో ఒంటి నూనెలు, లోషన్ల జిడ్డు పేరుకుని ఉండే అవకాశమే ఎక్కువ. అది వట్టి నీటికి వదలదు. తడి మడతను వేళ్లతో విడదీసి చూడండి. అడుగున బూడిదరంగు జిగట ఉంటే అదే కారణం.

1. టబ్‌కు విద్యుత్తు ఆపి, ఫిల్టర్‌ను బయటికి తీసి, ఒక్కో మడతనూ పైనుంచి కిందికి ఏటవాలు ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, పొర చిరుగుతుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఫిల్టర్ల కోసం అమ్మే, జిడ్డును కరిగించే ద్రావణంలో రాత్రంతా పూర్తిగా మునిగేలా నానబెట్టండి. తెల్లని సున్నపు పొర కనిపించినా తొందరపడి ఆమ్లం వాడకండి. జిడ్డు పోకముందే ఆమ్లం తగిలితే ఆ మురికి పోగుల్లోనే బిగుసుకుపోయి, ఫిల్టర్ శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆమ్లం అవసరమైతే, బాగా కడిగిన తరువాత, విడిగా మాత్రమే వాడాలి.

3. నురగ పూర్తిగా పోయేవరకు కడిగి, ఆరనిచ్చి బిగించండి.

ఇంత చేసినా ధార పెరగకపోతే ఫిల్టర్ మార్చవలసి రావచ్చు.