పడుకున్న ఎనిమిది కాలేజీలో కంటే లెన్సు మీదే బాగా అర్థమయితాది

∞, అంటే ఇన్ఫినిటీ (అనంతం) గుర్తు యాడి నుంచి వచ్చింది, పరీక్షల్లో తప్ప బయట దాంతో పనేమన్నా ఉందా అని అడిగినారు కదా. పని ఉంది. ముందు దాని గురించే చెప్తా, ఎవరు పెట్టినారనేది తర్వాత.

మా చిన్నాయనకి ప్రొద్దుటూరులో ఫొటో స్టూడియో ఉండేది, రీళ్ల కాలంలో. ఇంటర్ సెలవుల్లో ఆయన బ్యాగు మోసేది నేనే. ఒకసారి కొడుకు కువైట్‌కి పోతాన్నాడని ఒక కుటుంబం మమ్మల్ని గండికోటకి పిల్చుకోని పోయింది. ముందర కూచున్న అవ్వ ముఖమూ స్పష్టంగా పడాల, వెనక పెన్నా లోయ కూడా మసక లేకుండా పడాల, రెండిట్లో ఏది పోయినా దుడ్లు ఇచ్చేది లేదన్నారు. ఆ బండల మీద గాలి ఎట్లుంటాదో పోయినోళ్లకి తెలుసు. అవ్వ ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో కళ్లద్దాలు పట్టుకోని "బిరీన కొట్టు నాయనా, ఎగిరిపోయేటట్టుండా" అంటాంది, కొడుకేమో స్టైలు కోసం ఇంకా అంచుకి జరుగుతాండాడు, వాళ్లమ్మ అరుస్తాంది.

చిన్నాయన మాత్రం నిదానంగా, "రేయ్, ఆ పడుకున్న ఎనిమిదిని పదహారు కాడికి తెచ్చి పెట్టు" అన్నాడు.

50 ఎంఎం లెన్సు, అపర్చరు (వెలుగు లోపలికొచ్చే కంత సైజు) 16. మామూలుగా దూరంగా ఉండేదాన్ని తీయాలంటే లెన్సు ఫోకస్ రింగు మీది ∞ ని నడిమి గీతకి ఎదురుగా పెడతారు. అట్ల పెడితే కొండలు బాగా పడతాయి, అయిదు మీటర్ల లోపలుండే అవ్వ మసకైపోతాది. అదే ∞ ని, నడిమి గీత పక్కన ఒక్కో అపర్చరుకి గీసిన గీతల్లో 16 గీత కాడికి జరిపితే ఫోకస్ వచ్చి అయిదు మీటర్ల కాడ కూచుంటాది, సుమారు రెండున్నర మీటర్ల నుంచి ఆ చివరి కొండ దాకా అంతా క్లియరే. ప్రింటు వచ్చినాక చూస్తే అవ్వ ముఖంలో ముడతలూ లెక్కపెట్టొచ్చు, ఎదురుగట్టు రాళ్లల్లో నెర్రెలూ లెక్కపెట్టొచ్చు. పదో తరగతి తప్పిన మనిషి ఆయన!

లెన్సుకి ఆ గుర్తు అంటే ఒక దూరం దాటినాక అది ఎదురుకొండైనా చందమామైనా నాకు ఒకటే అని, ఎందుకంటే ఆడి నుంచి వచ్చే వెలుగు గీతలు దాదాపు సమాంతరంగానే వస్తాయి. ఇంటర్ లెక్కల్లో లిమిట్స్ చాప్టరులో ఉండేదీ ఇదే కదా, x పెరిగేకొద్దీ ఫలితం యాడ కుదురుకుంటాదో చూడడం. మా కాలేజీలో మాత్రం 1/0 అంటే ఇన్ఫినిటీ, రాసుకోండి, అనేసినారు. మైనస్ వైపు నుంచి సున్నా దగ్గరికొస్తే మైనస్ ఇన్ఫినిటీ వైపు పోతాది సార్ అంటే, ఎంసెట్‌లో రాదులే కూచో అన్నారు.

ఇంకో తమాషా ఏమంటే పెద్ద టెలిఫొటో లెన్సుల్లో రింగు ∞ ని దాటి కూడా కొంచెం తిరుగుతాది. ఎండకి లోపలి లోహం, అద్దాలు వ్యాకోచించి ఫోకస్ చోటు మారుతాది, అందుకని ఆ సందు వదుల్తారు. కడప మే నెల కోసమే చేసినట్టుంటాది. ఇప్పటి ఫోన్లకి రింగూ లేదు పాడూ లేదు, అదే ఫోకస్ వెతుక్కుంటా మన్ని నిలబెడతాది.

సరే, ఎవరు పెట్టినారంటే జాన్ వాలిస్ అనే ఇంగ్లండు ఆయన, ఆక్స్‌ఫర్డ్‌లో జ్యామితి ప్రొఫెసరు. 1655లో శంకువు కోతల మీద రాసిన పుస్తకంలో ఒక బొమ్మని లెక్కలేనన్ని సన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ ఎత్తు 1/∞ అన్నాడు. ఈ గుర్తే ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు. అంతకుముందు అంతర్యుద్ధంలో రాజు పక్షమోళ్ల రహస్య జాబుల్ని విప్పి పార్లమెంటుకి చదివిపెట్టినోడు, గుర్తులంటే ఆయనకి ఆటే. రోమనోళ్లు వెయ్యికి నడిమి గీతకి రెండు పక్కలా సున్నాల మాదిరి వంపులు పెట్టి రాసేవాళ్లు, దాన్నుంచి వచ్చిందని కొందరు, గ్రీకు ఆఖరక్షరం ఒమేగా నుంచి వచ్చిందని కొందరు. నేను వెయ్యి పక్షమే. చివర లేనిదానికి ఎవడన్నా ఆఖరక్షరం పెడతాడా?

ఈ గుర్తు ఆదిశేషుడి చుట్ట నుంచి వచ్చిందని వాట్సాప్‌లో తిరిగే కథ వదిలేయండి. మనోళ్లకి ఆలోచన ముందే ఉంది, అది చాలదా? 1150లోనే భాస్కరాచార్యుడు సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి, దాంట్లో ఎంత కలిపినా తీసినా మారదు, అచ్యుతుడి మాదిరి అన్నాడు. ∞ గీసింది మాత్రం వాలిసే.

ఇదే ప్రశ్నకి ఇంకొకాయన, మోబియస్ పట్టీ (ఒక మెలిక తిప్పి రెండు కొసలూ అతికించిన పట్టీ) చూసి ఈ గుర్తు తయారుచేసినారని గట్టిగా రాసినాడు. అయ్యా, ఆ పట్టీ వచ్చింది 1858లో. 1655కీ దానికీ ఎన్నేళ్లో తీసివేత చేసుకోని, ఆ జవాబు దిద్దుకోండి.