ఐరిస్ దుంపలు నాటబోయే ముందు

చిన్నీ,

నువ్వు పెరట్లో ఐరిస్ పూలమొక్కలు వేస్తున్నావని, దుంపల పెట్టె కూడా వచ్చేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తులసికోటలో చెంబుడు నీళ్లు పొయ్యమంటే విసుక్కున్న పిల్లవి, న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని పూలతోట వేస్తానంటున్నావు. మీ పెద్దనాన్నకి రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను. ఆ వెంటనే గుర్తొచ్చింది, నీకు ఏడో నెల! గునపం ముట్టుకున్నావంటే ఊరుకోను. గుంటలు అల్లుడు తీస్తాడు, నువ్వు కుర్చీ వేసుకుని చెప్పు. మట్టిలో చెయ్యి పెట్టక తప్పకపోతే గ్లవ్స్ వేసుకో. పిల్లులు తిరిగే నేల కడుపుతో ఉన్నవాళ్లకి మంచిది కాదు.

ఆరు గంటలైనా ఎండ తగిలే చోటు చూడు. దుంపకీ దుంపకీ మధ్య అడుగు పైనే వదులు. ఆగస్టు దాటనివ్వకు, మంచు పడేలోగా వేళ్లు పట్టుకోవాలి. నత్రజని ఎక్కువున్న ఎరువు వద్దు.

అసలు సంగతి లోతు. మీ పెద్దనాన్న దుగ్గిరాలలో పసుపు పండించే ఇంట్లో పుట్టిన మనిషి కదా. పక్కింటి పెద్దావిడ తన పాదు విడదీసి దుంపలిస్తే, చూడగానే "ఇది మన పసుపు కొమ్మే" అన్నారు. బోదె తీసి నాలుగు వేళ్ల లోతున పెట్టారు, పైన మట్టి ఎగదోశారు, పొద్దునా సాయంత్రం నీళ్లు. చాలక పైన చెక్కపొట్టు దట్టంగా పరిచారు. పసుపుకైతే ఒక్కటీ తప్పు కాదు. ఐరిస్‌కి అన్నీ తప్పే. మరుసటి ఏడు మే నెలలో వీధంతా పూస్తే మాకు పాలిపోయిన ఆకులే. ఒక ఆకుల గుత్తిని ఇలా పట్టుకున్నారో లేదో, ఊడి చేతిలోకి వచ్చేసింది. తవ్వితే దుంప పైతొక్క చెక్కుచెదరలేదు, వేలు ఆనిస్తే మాత్రం లోపలికి దిగిపోయింది. ఆ కంపు చెప్పలేను. బాక్టీరియా పట్టి కుళ్లిపోయిందట. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. మట్టి తెలిసిన మనిషి చేతిలో మొక్క చావడం ఆయనకి అవమానం. మిగిలినవాటిలో కుళ్లు భాగం గట్టి కండ తగిలేదాకా చెంచాతో గీకి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో ముంచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ నాటాం. ఈసారి మట్టిని చిన్న దిబ్బలా చేసి, దుంపని దాని మీద కూర్చోబెట్టి, వేళ్లు రెండు పక్కలా కిందికి దించి, వీపు బయటికి కనపడేలా వదిలేశాం. ఇప్పుడు ఆ పాదు నువ్వు చూసిందే. మీ నేల బంకమట్టయితే మడి కాస్త ఎత్తు చెయ్యి. నాటినప్పుడు బాగా తడిపి, వేళ్లు పట్టేదాకా నేల ఆరితే పొయ్యి. ఆ తర్వాత దాని జోలికి పోకు.

పురుగు గురించి కూడా విను. రాత్రి తిరిగే చిమ్మట ఎండాకుల మీద గుడ్లు పెట్టిపోతుంది, వసంతంలో పిల్లలు ఆకులోకి దూరి నమిలుకుంటూ దుంపలోకి దిగుతాయి. ఆకు మీద తడి చారలాంటిది కనిపిస్తే పైనుంచి కిందిదాకా రెండు వేళ్లతో గట్టిగా నొక్కుతూ రా, పురుగు లోపలే చస్తుంది. నవంబరులో ఎండాకులన్నీ ఏరి చెత్తలో వెయ్యి.

నాకు నిద్ర పట్టనిది మాత్రం ఇది. ఐరిస్ దుంప విషం, నోరు మండి వాంతులవుతాయి. పచ్చిది అల్లంలా ఉంటుంది, ఆకులేమో అచ్చం వస ఆకులు. మీ అమ్మ పురిటికి వస్తోంది, బిడ్డకి మాటలు రావాలని వస అరగదీసే అలవాటున్న మనిషి. పెట్టెను వంటింట్లో పెట్టావా, ఇప్పుడే లేచి తీసెయ్యి. పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాయి. అసలు వస కూడా వద్దు. ఈ దేశంలో 1968లోనే తిండిలో వాడకూడదని నిషేధించారు. అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు గొడవపడకు. పాకే వయసొచ్చాక బిడ్డని ఆ మడి దగ్గర ఒంటరిగా వదలకు. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫ్రిజ్ మీద అంటించు.

మొదటి ఏడు పూయకపోతే ఏడవకు. మూడు నాలుగేళ్లకోసారి పాదు విడదీస్తే మళ్లీ బాగా పూస్తుంది. జింకలు కూడా దీన్ని పెద్దగా ముట్టుకోవు. ఒక్కో పువ్వు రెండు మూడు రోజులే ఉంటుంది కానీ అదే కాడకి వరసగా మొగ్గలు విచ్చుకుంటాయి. కింది రేకుల మీద నూగుంటుంది చూడు, వంగి దగ్గరగా చూడు, అంత పసుపు వన్నె! మే నెలాఖరుకి మాంట్‌క్లెయిర్‌లోని ప్రెస్బీ తోటకి పోదాం. 1927 నుంచి ఐరిస్‌ల కోసమే ఉన్న తోట అది. బిడ్డని నేనెత్తుకుంటాను, నువ్వు తీరిగ్గా రంగులు ఎంచుకో.

శనివారం అల్లుడు నాటుతుంటే వీడియో కాల్ చెయ్యి. దుంప వీపు కనపడుతోందో లేదో మీ పెద్దనాన్న కళ్లారా చూడాలంటున్నారు.

మీ పెద్దమ్మ