భార్య బంగారం మీద అప్పు తెచ్చి షార్ట్ కొట్టొద్దు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 41. మా బావమరిదితో కలిసి రొయ్యల చెరువులు కౌలుకు చేస్తున్నాను. ఇద్దరం కొన్నేళ్ళుగా షేర్లు కూడా చూస్తున్నాం. ఈమధ్యే లిస్టయిన ఒక కొత్త టెక్నాలజీ కంపెనీ విషయంలో మా ఇద్దరికీ కుదరడం లేదు. ఇంతవరకు లాభం చూడని కంపెనీ, షేరు ధర మాత్రం ఆకాశాన్నంటుతోంది. రెండేళ్ళలో సగానికి పడుతుందని నా నమ్మకం. అతను మూడు లక్షలు పెట్టి కొన్నాడు. ఐదేళ్ళలో మూడింతలవుతుందని, ఒక కంపెనీ పడిపోవాలని పందెం కాయడం పాపమని అంటాడు. ఆ షేరు ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) విభాగంలో లేదు, షార్ట్‌ను రోజుల తరబడి ఉంచుకోలేను. కాబట్టి రోజూ పొద్దున షార్ట్ చేసి, అంటే చేతిలో లేని షేరును ముందే అమ్మి, మార్కెట్ ముగిసేలోపు తిరిగి కొని కవర్ చేద్దామనుకుంటున్నాను. మా ఆవిడ బంగారం మీద వ్యవసాయ రుణం కింద నాలుగు లక్షలు వస్తుంది, వడ్డీ తక్కువ. దానిమీద బ్రోకర్ ఐదు రెట్ల విలువకు ట్రేడ్ చేయనిస్తాడు. బ్యాంకులో లక్షా పది వేలున్నాయి. ఇంటి ఖర్చు నెలకు నలభై వేలు, ఇద్దరు పిల్లలు. మాలో ఎవరిది రైటు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ కంపెనీ ధర కాదండి, బ్యాంకులో ఉన్న లక్షా పది వేలు. నెలకు నలభై వేల ఖర్చున్న ఇంటికి అది మూడు నెలలు కూడా రాదు. ఆదాయం మొత్తం చెరువు మీదే ఉన్న మనిషి చేతిలో ఇంత తక్కువ పెట్టుకుని, ఇంట్లో మిగిలిన ఒక్క ఆసరాను కూడా తాకట్టు పెడతానంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు డెల్టా నుంచి చాలా వస్తున్నాయి. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు మీ గొడవ సంగతి. జొమాటో 2021 జూలైలో రూ. 76కి ఇష్యూకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి నలభై దగ్గరకు పడింది. నష్టాల కంపెనీకి అంత ధరేమిటన్నవాళ్ళే గెలిచారని అప్పుడు అందరూ అనుకున్నారు. 2024 డిసెంబరులో అదే షేరు మూడు వందలు దాటింది. పేటీఎం 2021 నవంబరులో రూ. 2,150కి వచ్చి తొలిరోజే 27 శాతం పడింది, 2024 మేలో రూ. 310 దాకా దిగింది. అక్కడ ఇంకా పడుతుందని నమ్మినవాళ్ళకు కారణాలు లేకపోలేదు. అదే ఏడాది డిసెంబరుకు అది వెయ్యి దాటింది. కాబట్టి మీరూ మీ బావమరిదీ ఇద్దరూ వేర్వేరు సమయాల్లో రైటు కావచ్చు. ఎప్పుడు అవుతారన్నది ఇద్దరికీ తెలియదు. కొన్నవాళ్ళు ఆగగలరు. అప్పు తెచ్చి షార్ట్ చేసినవాళ్ళు ఆగలేరు.

ఒక విషయంలో మాత్రం మీ బావమరిదిగారిది పొరపాటు. షార్ట్ చేయడం పాపం కాదు. అమెరికాలో నికోలా అనే ట్రక్కుల కంపెనీ చెప్పుకున్న గొప్పలు నిజం కాదని 2020 సెప్టెంబరులో బయటపెట్టింది షార్ట్ సెల్లర్లే. 2022లో దాని వ్యవస్థాపకుడిని కోర్టు మోసం కేసులో దోషిగా తేల్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అయితే ఆ పని చేసేవాళ్ళకు పరిశోధన ఉంటుంది, తట్టుకునే సొమ్ముంటుంది. అవి రెండూ ఉన్నా ఒక్కోసారి చాలవు. 2021 జనవరిలో గేమ్‌స్టాప్ అనే వీడియో గేముల దుకాణాల కంపెనీ షేరును షార్ట్ చేసిన మెల్విన్ క్యాపిటల్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ ఆ ఒక్క నెలలోనే తన సొమ్ములో సగానికి పైగా పోగొట్టుకుంది.

ఇక మీ పథకం. మీ అభిప్రాయం రెండేళ్ళకు సంబంధించింది, మీరు ఎంచుకున్న దారి మధ్యాహ్నం మూడున్నరతో మూసుకుపోతుంది. ఈ రెండింటికీ పొంతన లేదు. కంపెనీ ఫలితాలు, చెడ్డ కబుర్లు ఎక్కువగా మార్కెట్ మూసేశాక వస్తాయి. మర్నాడు షేరు తెరుచుకోవడమే కిందికి తెరుచుకుంటుంది. మీరు ఎదురుచూస్తున్న పతనం రాత్రికి రాత్రే జరిగిపోతే, పొద్దున షార్ట్ చేసేవారికి అందులో పైసా దక్కదు. షేరు రెండేళ్ళలో నిజంగానే సగానికి పడినా, మీరు నష్టాల్లోనే ఉండే అవకాశం బాగా ఉంది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే (ఒకే రోజులో కొని అమ్మడం) చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తన అధ్యయనంలో తేల్చింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మీరు షార్ట్ చేసిన రోజు ఏదో మంచి కబురు వచ్చి షేరు అప్పర్ సర్క్యూట్‌కి, అంటే ఆ రోజుకు పెరగనిచ్చే గరిష్ఠ ధరకి, తగిలిందనుకోండి. అమ్మేవాడు ఉండడు. కవర్ చేద్దామన్నా షేరు దొరకదు. మీ దగ్గర లేని షేరు డెలివరీ ఇవ్వాల్సి వస్తుంది, ఎక్స్ఛేంజి మీ తరఫున ఆ షేరును ఆక్షన్‌లో (వేలంలో) కొంటుంది, అక్కడ ఏ ధరకు తెగితే ఆ తేడా, జరిమానా మీవే. కొత్తగా లిస్టయిన కంపెనీల్లో చేతులు మారే షేర్లు తక్కువ కాబట్టి ఇలా ఇరుక్కోవడం అరుదేమీ కాదు. నాలుగు లక్షలకు ఐదు రెట్లంటే ఇరవై లక్షల పొజిషన్. షేరు పది శాతం పెరిగితే రెండు లక్షలు పోయినట్టే. అంటే బంగారం మీద తెచ్చిన అప్పులో సగం ఒక్క పూటలో.

ఆ బంగారం విషయం సూటిగా చెప్తున్నాను. సాగు కోసమని సంతకం పెట్టి తక్కువ వడ్డీకి తెచ్చిన డబ్బును షేర్లలో పెట్టడం తప్పు. బ్యాంకుకు తెలిస్తే మొత్తం ఒకేసారి కట్టమంటుంది. పైగా మీ ఆవిడ నగలు మీ ఇద్దరి వాదనలో పణంగా పెట్టడానికి ఉన్నవి కావు. ఆమెను అడిగారో లేదో కూడా మీరు రాయలేదు. చెరువు దెబ్బతిన్న ఏడాది మళ్ళీ రొయ్య పిల్ల వేయడానికి మీకు అప్పు పుట్టేది ఆ నగల మీదే. దాన్ని ముందే వాడేస్తే, ఆ రోజు మేత డీలరు చెప్పిన వడ్డీకి తలవంచాలి.

చెరువు దెబ్బతినదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కౌంటు రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధరలు) ఎలా పడ్డాయో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ అక్టోబరు చివర్లోనే మొంథా తుఫాను వచ్చింది. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలితే నెల నిండని చెరువును కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది. తుఫానుకు కరెంటు పోతే నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు తిరగడానికి ఆ రాత్రికి ఆ రాత్రే డీజిల్ కావాలి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాం. రొయ్యల రైతుకు అది చాలదు. రెండు పట్టుబడుల (రొయ్యలు పట్టి అమ్మడాల) మధ్య వ్యవధే నాలుగైదు నెలలు, మధ్యలో ఒక పంట పోతే ఆదాయం లేని కాలం తొమ్మిది నెలలు దాటుతుంది. మీ ఇంటికి తొమ్మిది నెలల ఖర్చు మూడు లక్షల అరవై వేలు. దానికి తోడు పంట పోయాక మళ్ళీ పిల్ల వేసి చెరువు నడపడానికి అప్పు లేకుండా పెట్టగలిగే సొమ్ము, మీ వాటాకు కనీసం రెండున్నర లక్షలు అనుకుందాం. మొత్తం ఆరు లక్షల పైమాటే. ఉన్నది లక్షా పది వేలు.

ఈ ఆరు లక్షలు చేరేదాకా కొత్తగా ఒక్క షేరు కొనొద్దు, షార్ట్ చేయొద్దు. వచ్చే పట్టుబడి డబ్బు చేతికి అందిన రోజే, మిగతావాటికి పంచకముందే, అందులో నాలుగో వంతు తీసి వేరే ఖాతాలో వేయండి. ఖాతా మీ ఆవిడ పేరున ఉంటే ఇంకా మంచిది. సగం స్వీప్ డిపాజిట్‌లో (పొదుపు ఖాతాకు జతగా ఉండే ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా తీసుకోగలిగే, రిస్కు తక్కువ మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఊళ్ళో సొసైటీ అర శాతం వడ్డీ ఎక్కువిస్తుందని ఈ సొమ్మును అక్కడ వేయకండి. బ్యాంకు డిపాజిట్లకు ఐదు లక్షల దాకా ఉండే బీమా ప్రాథమిక సహకార సంఘాల డిపాజిట్లకు లేదు.

మీరు టర్మ్ పాలసీ (పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) మాట కూడా ఎత్తలేదు. తడి గట్ల మీద మోటార్ల దగ్గర తిరిగే మనిషి అది లేకుండా ఉండకూడదు. అది తీసుకునే లోపు, బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ. 20తో కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఈ వారమే చేయించుకోండి. ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తుంది.

మీ బావమరిదిగారి మూడు లక్షల గురించి ఒక్క మాట. ఆయన షేరు గురించి ఏమనుకున్నా, పక్కన నిల్వ సొమ్ము లేకపోతే ఆయనదీ మీ పరిస్థితే. చెరువు దెబ్బతిన్న నెలలో ఎంత పడితే అంతకు అమ్ముకోవాల్సి వస్తుంది. అందుకే ఆయన కూడా అందులో సగమైనా తీసి పక్కన పెట్టుకోవాలి. నిల్వ పూర్తయ్యాక కూడా ఆ కంపెనీ పడుతుందని మీకు అనిపిస్తే, కొనకుండా ఉండండి, అంతే చాలు.

మేత డీలరుకు బాకీ ఎంత ఉందో, చెరువు కౌలు ఏ నెలలో కట్టాలో మీరు రాయలేదు. ఆ రెండూ తెలిపితే ఆరు లక్షలు ఎన్ని పట్టుబడుల్లో చేరుతుందో లెక్కవేసి చెప్తాను. ఈలోపు బంగారం బ్యాంకు గడప తొక్కకుండా చూడండి.