పాత డీఫాల్టును ఎప్పుడు ఆపాలి

చిత్తూరు

అల్లుడూ,

తిరుపతిలో నువ్వు చూసే ఆఫీసుల్లో ఎస్ఎంబీ 1ని, అంటే విండోస్ సిస్టములు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే పాత ప్రోటోకాల్‌ను, ఎప్పుడు ఆపాలని అడిగావు. పాతదైపోయిందని ఆపొద్దు. ఎవరెవరు వాడుతున్నారో లెక్క తేలాక ఆపు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ పాకింది విండోస్ ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే. దానికి మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. కానీ ఈ ప్రోటోకాల్‌లో ఎన్‌క్రిప్షనే (డేటాను గుప్తంగా పంపడమే) లేదు, ప్యాచ్ వేశాం కదా అని ఊరుకోలేం. విండోస్ 10 1709 నుంచి కొత్తగా వేసే సిస్టముల్లో దీని సర్వర్ భాగం డీఫాల్టుగా రాదు. అప్‌గ్రేడ్ అవుతూ వచ్చినవాటిలో మిగిలి ఉండొచ్చు.

ముందు విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్ఎంబీ సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఎస్ఎంబీ 1 యాక్సెస్ ఆడిట్‌ను (ఎవరు వాడారో రాసిపెట్టేదాన్ని) ఆన్ చెయ్యి. ఈవెంట్ వ్యూయర్‌లో ఎస్ఎంబీ సర్వర్ కింద ఆడిట్ లాగ్‌లో 3000 నంబరు ఈవెంట్లు పడతాయి. ఎస్ఎంబీ 1తో వచ్చిన మిషను అడ్రసు వాటిలో ఉంటుంది. వారం చూస్తే చాలదు, 35 రోజులు చూడు. జీఎస్టీ రిటర్నుల కోసం 11న, 20న మాత్రమే తెరిచే సిస్టములుంటాయి.

సాధారణంగా దొరికేవి రెండు: ఎక్స్‌పీ మీద నడిచే పాత బిల్లింగ్ సిస్టము, స్కాన్‌ను ఫోల్డర్‌కి పంపే జెరాక్స్ మిషను. ఎక్స్‌పీకి తర్వాతి వెర్షన్ ఎస్ఎంబీ 2 రాదు, మార్చాల్సిందే. జెరాక్స్‌కి ఫర్మ్‌వేర్ (మిషను లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడు, లేకపోతే స్కాన్‌ను ఈమెయిల్‌కి మళ్లించు. ఆ ఒక్క మిషను కోసం సర్వర్లో ఎస్ఎంబీ 1 తెరిచి ఉంచితే మాత్రం ఇంత పనీ దండగే.

తర్వాత సర్వర్‌లో ప్రోటోకాల్‌ను ఆఫ్ మాత్రమే చెయ్యి, తీసెయ్యకు. ఆఫ్ చెయ్యడానికి రీస్టార్ట్ అక్కర్లేదు, ఏదైనా ఆగితే నిమిషంలో వెనక్కి తేవచ్చు. ఫీచర్‌నే తీసేస్తే రీస్టార్ట్ కావాలి. దానికి ఇంకో రెండు నెలలు ఆగు. లాడ్జీలకు బ్రహ్మోత్సవాల ముందు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి సీజన్‌లో చెయ్యి పెట్టొద్దు. వారం మధ్యలో పొద్దున్నే చెయ్యి. మంగళవారం వద్దంటే బుధవారం.

ఫీచర్ తీసేశాక "నెట్‌వర్క్‌లో సిస్టములు కనబడటం లేదు" అని ఫోన్లు వస్తాయి. ఆ జాబితా చూపించే పాత కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసు (వెబ్ బ్రౌజర్ కాదు) ఎస్ఎంబీ 1 మీదే ఆధారపడింది. షేర్ చేసిన ఫోల్డర్లు పోలేదు, సిస్టము పేరు కొడితే తెరుచుకుంటాయి. ప్రతి సిస్టములో, అది నెట్‌వర్క్‌లో ఉందని మిగతావాటికి చెప్పే ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ సర్వీసును ఆటోమేటిక్‌లో పెట్టు, కనబడతాయి.

జెరాక్స్ మిషను మోడల్ నంబరు రాసి పంపు.

మీ మామ