పుట్టపర్తి మాట, జపాన్ పాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (ఒక పాఠకురాలు, హిందూపురం): ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఫుజీ కజె అనే జపాన్ గాయకుడి పాటలు పొద్దస్తమానం వింటోంది. ఆయన రెండో ఆల్బమ్ పేరు ‘లవ్ ఆల్ సర్వ్ ఆల్’ అనీ, అది మన పుట్టపర్తి బాబా మాటేననీ అంటోంది. నిజమేనా? నిజమైతే అవి భజనలా?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ‘అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు’ అనే ఆ మాట సత్యసాయిబాబా బోధల్లో తరచుగా వినిపించేదే. అయితే ఇదే నినాదం హార్డ్ రాక్ కెఫే అనే రెస్టారెంట్ల గోడల మీదా కనిపిస్తుంది కనుక, ఆ కుర్రవాడు దాన్ని అక్కడినుంచి తీసుకుని ఉండవచ్చని ఎవరైనా అనుమానించవచ్చు. ఆ కెఫేల స్థాపకుల్లో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ కూడా బాబా భక్తుడే. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి భారీ విరాళం ఇచ్చింది ఆయనే. కాబట్టి ఏ దారిన వెతికినా చివరికి చేరేది చిత్రావతి ఒడ్డుకే. కజె విషయంలో ఆ అనుమానానికి చోటు లేదు. ఎందుకంటే 2020 మే నెలలో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ పేరు ‘హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్’. సాయం చేస్తూనే ఉండు, ఎవరినీ నొప్పించకు అన్న ఆ మాట కూడా బాబాదే. మూడో ఆల్బమ్ 2025 సెప్టెంబరులో వచ్చింది. దాని పేరు ‘ప్రేమ’. ఆ మాటకు మీకు నేను అర్థం చెప్పనక్కరలేదు.

రెండో ఆల్బమ్ 2022 మార్చి 23న విడుదలైంది. సరిగ్గా పన్నెండు రోజులకు, ఏప్రిల్ 4న, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. మీరు ఆ జిల్లావారు కనుక ముచ్చటగా ఉంటుందని చెప్పాను.

ఇక భజనలా అన్న ప్రశ్న. కావు. ఈ రెండో ఆల్బమ్‌లోని పదకొండు పాటల్లో ఎక్కడా దేవుడి పేరు పెట్టి చేసిన స్తుతి లేదు. ప్రేమ, కోపం, యౌవనం, ప్రయాణం వంటి లోకసామాన్యమైన విషయాలే ఉన్నాయి. వాటిని నడిపించే తీరు మాత్రం పట్టుకున్నదాన్ని వదిలేయమనే వైపు మొగ్గుతుంది. పేరు వెనుక ఉన్న మూలం తెలిశాక, పాటల చాటున మతాన్ని అందిస్తున్నాడా అని జపాన్‌లో కొందరు శ్రోతలు ఇబ్బంది పడ్డారు. అక్కడి వారపత్రికలూ ఆ చర్చను పెంచాయి. ఏ పాటా ఎవరినీ నమ్మమని కోరదు కనుక నాకు ఆ అభ్యంతరం బలంగా కనిపించలేదు గాని, తాము మోజుపడిన మాట ఎక్కడిదో ముందుగా తెలియలేదన్న వారి నొచ్చుకోలును కొట్టిపారేయలేను.

ప్రశ్న (ఒక పాఠకుడు, విజయవాడ): తొలి ఆల్బమ్ బాగా ఆడిన కళాకారులు రెండోదానిలో తడబడతారంటారు. ఈయన సంగతేమిటి?

జవాబు: తొలి ఆల్బమ్‌కు ఒక మనిషి యౌవనమంతా ముడిసరుకుగా దొరుకుతుంది, రెండోదానికి దొరికేది ఒకటి రెండేళ్లే. కజె 1997లో ఒకాయామా ప్రాంతంలోని సతోషో అనే చిన్న ఊళ్లో పుట్టి, పన్నెండేళ్ల వయసులోనే పియానో వాయిస్తూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టినవాడు. అలా ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నదంతా తొలి ఆల్బమ్‌లో ఖర్చయింది. పైగా రెండోది తయారైన కాలం కరోనా కాలం. ‘మొయెయొ’ అనే పాటను (మండు, రగులు అని అర్థం) 2021 సెప్టెంబరు 4న యోకొహామాలోని నిస్సాన్ స్టేడియంలో, ఒక్క ప్రేక్షకుడూ లేని మైదానం నడుమ, వానలో పాడాడు. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రసారమైంది. నా మటుకు ఆ పాట ఆల్బమ్‌లో విన్నప్పటికన్నా ఆ వానలో చూసినప్పుడే నచ్చింది.

పదకొండింటిలో ఐదు పాటలు అప్పటికే విడిగా వచ్చినవి. ‘కిరరి’ హోండా కారు ప్రకటనకు, ‘తబిజి’ ఒక వైద్య నేపథ్యపు టీవీ ధారావాహికకు వాడినవి. ఇలా వేర్వేరు అవసరాలకు పుట్టిన పాటలను ఒక దండగా గుచ్చడంలో నిర్మాత యాఫల్ పాత్ర పెద్దదే అయినా, తొలి ఆల్బమ్‌లో ఉన్న ఏకసూత్రత ఇందులో కొంత సడలిందన్నది నా అభిప్రాయం. దానికి బదులుగా దక్కింది వైవిధ్యం. ‘మత్సురి’ అంటే జాతర. ఆ పాటలో జపాన్ సంప్రదాయ సంగీతపు ఛాయలు హిప్‌హాప్ తరహా దరువు మీద నడుస్తాయి, గెలుపోటముల లెక్క వదిలేస్తే ప్రతిరోజూ జాతరే అన్న భావం పలుకుతుంది. ఆల్బమ్ పేరుకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం అందులో మరొకటి లేదు. ‘హెదెమొ నేయొ’ అన్నది మరీ కొంటె శీర్షిక. అక్షరాలా అర్థం చెప్పాలంటే అపానవాయువు పాటి కూడా చేయదని, వాడుకలో అదేమంత లెక్కలోనిది కాదని. బాబా మాట అట్ట మీద పెట్టుకుని లోపల ఈ పేరుతో పాట పెట్టడమే ఈ కుర్రవాడి స్వభావం. వైరాగ్యాన్ని ముఖం ముడుచుకోకుండా చెబుతాడు.

ఇంతకీ ఆల్బమ్ జపాన్‌లోని ఒరికాన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. తడబడ్డాడని ఎవరూ అనలేదు.

ప్రశ్న (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్): రీల్స్‌లో మారుమోగిన ‘షినునొగా ఈ-వా’ ఈ ఆల్బమ్‌లో ఎంత వెతికినా దొరకలేదు. జపాన్ భాష రాని నేను ఏ పాటతో మొదలుపెట్టాలి?

జవాబు: దొరకదు, అది తొలి ఆల్బమ్‌లోని పాట. 2022లో, అంటే రెండో ఆల్బమ్ వచ్చిన తర్వాత, థాయిలాండ్ శ్రోతల వీడియోలతో మొదలై దేశదేశాలకు పాకింది. అందుకే చాలామంది దాన్ని ఇందులోదనుకుంటారు.

భాష రానివారు ‘కిరరి’తో మొదలుపెట్టడం మేలు. ఆ పేరుకు తళుక్కుమనడం అని అర్థం. అర్థం తెలియకపోయినా కాలు లయ వేస్తుంది. ఆ తర్వాత ‘మత్సురి’, ఆపైన రాత్రి తీరిక దొరికినప్పుడు ‘గార్డెన్’ వినండి. ‘సెయిషున్ బ్యో’ను మాత్రం అనువాదం దగ్గర పెట్టుకుని వినండి. ఆ పేరుకు యౌవనమనే జబ్బు అని అర్థం. మీ వయసులో ఆ పాటను ఊరికే తాళం వేసుకుంటూ దాటవేస్తే నష్టపోతారు.