డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టినా కార్డు అదే 200 వాట్లు లాగుతోందా? ముందు ఫ్రేములకు హద్దు పెట్టండి

ప్రశ్న: ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 1440పి (2560x1440) 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ ఆన్ చేసినా కార్డు 200 వాట్ల దగ్గరే ఉంటోంది, గదిలో వేడీ తగ్గలేదు. అప్‌స్కేలింగ్ వల్ల కరెంటు ఆదా అవుతుందన్న మాట అబద్ధమేనా?

అబద్ధం కాదండి, సగం మాట. అప్‌స్కేలింగ్ అంటే ఆటను తక్కువ పిక్సెళ్లతో గీసి, దాన్ని తెర సైజుకి పెంచడం. మిగతా సగం ఫ్రేమ్ క్యాప్, అంటే సెకనుకు ఇన్ని ఫ్రేములే (బొమ్మలే) గీయాలన్న హద్దు. అది లేకుండా ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ అయినా, ఏఎండీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ అయినా, ఇంటెల్ వాళ్ల ఎక్స్‌ఈఎస్‌ఎస్ అయినా కార్డు మీద ఒక్క వాటు తగ్గిస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

1440పిలో ఒక ఫ్రేముకు సుమారు 36.9 లక్షల పిక్సెళ్లు. క్వాలిటీ మోడ్‌లో కార్డు గీసేది 1707x960, అంటే 16.4 లక్షలే. పని సగానికంటే తగ్గింది, నిజమే. కానీ బస్తాల లెక్కన కూలి తీసుకునే హమాలీకి బస్తా బరువు తగ్గిస్తే తొందరగా ఇంటికి వెళ్లిపోడు, ఇంకో నాలుగు బస్తాలు ఎక్కువ మోస్తాడు. కార్డూ అంతే. ఒక ఫ్రేము తొందరగా అయిపోతే వెంటనే తర్వాతది అందుకుంటుంది. అందుకే ఫ్రేములు పెరుగుతాయి, వాట్లు మాత్రం 4070కి పెట్టిన 200 వాట్ల పరిమితి దగ్గరే తిరుగుతాయి. పైగా ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్ తన వంతు పని చేయాలి కాబట్టి దాని వాట్లు పెరుగుతాయి. గోడ సాకెట్ దగ్గర కొలిస్తే అప్‌స్కేలింగ్ ఆన్ చేశాక మొత్తం వాడకం కాస్త ఎక్కువే కనిపించడం మామూలే.

ఫ్రేములకు హద్దు పెట్టాక లెక్క తిరగబడుతుంది. సెకనుకు 72 ఫ్రేములే చాలన్నప్పుడు ప్రతి ఫ్రేములో తగ్గిన పని కార్డుకు విశ్రాంతిగా మారుతుంది. లోడు బాగా తగ్గితే కార్డు తన క్లాకునూ (చిప్పు పనిచేసే వేగాన్నీ), దాంతో పాటు వోల్టేజినీ దించుకుంటుంది. చిప్పు వాడే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొద్ది వోల్టేజి తగ్గినా వాట్లు బాగా పడతాయి.

దీన్ని మీ మెషీన్ మీదే తేల్చుకోవచ్చు. సైబర్‌పంక్ 2077 దీనికి మంచి ఆట, మూడు రకాల అప్‌స్కేలింగూ అందులో ఉన్నాయి. కార్డు రీడింగులు చూపే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్, దాంతో వచ్చే రివాట్యూనర్ వేసుకోండి. మానిటరింగ్ ట్యాబులో పవర్, కోర్ క్లాక్, వోల్టేజి, ఫ్రేమ్‌రేట్ టిక్ చేసి స్క్రీన్ మీద కనిపించేలా పెట్టండి. అందులో పవర్ రెండు చోట్ల ఉంటుంది, శాతంలో చూపేది కాకుండా వాట్లలో చూపేది తీసుకోండి. వీధిలో ఒకచోట నిలబడి, కెమెరా కదపకుండా, కార్డు వేడెక్కేదాకా ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత నాలుగు రీడింగులు: నేటివ్ (అంటే అప్‌స్కేలింగ్ ఆపేసి) హద్దు లేకుండా, క్వాలిటీ హద్దు లేకుండా, నేటివ్ హద్దుతో, క్వాలిటీ హద్దుతో. ప్రతిదానికీ రెండు నిమిషాలు ఇచ్చి సగటు రాసుకోండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నేటివ్‌లో 55 ఫ్రేములే వస్తుంటే 72 హద్దు అసలు పనిచేయట్లేదన్నమాట. అప్పుడు క్వాలిటీ వల్ల మిగిలిన శక్తి ముందు 55 నుంచి 72కి ఎక్కడానికే పోతుంది, ఆ పైన మిగిలిందే ఆదా. పోలిక న్యాయంగా ఉండాలంటే నేటివ్‌లో తేలిగ్గా అందే అంకెనే హద్దుగా పెట్టి కొలవాలి.

ఇంకో మాట. జీపీయూ (కార్డులోని చిప్పు) యూసేజ్ శాతం చూసి కరెంటు అంచనా వేయకండి. క్లాక్ తగ్గించుకున్న కార్డు 85 శాతం చూపిస్తూనే చాలా తక్కువ వాట్లు లాగుతుంటుంది. ఆ శాతాన్ని పట్టుకుని, హద్దు లేకుండా కొలిచి, అప్‌స్కేలింగ్ వల్ల ఏ ఆదా లేదని వీడియోలు చేసేవాళ్లు జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారు. 750 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) పెడితే 750 వాట్లు కాలుతాయన్న భయం కూడా అలాంటిదే. అది ఇవ్వగలిగిన గరిష్ఠం. లాగేది లోపలి భాగాలు, ఎస్ఎంపీఎస్ తన నష్టాన్ని మాత్రం దానికి కలుపుతుంది. అసలు లెక్క కావాలంటే సాకెట్‌కి పెట్టే పవర్ మీటరు కొనండి, మానిటర్‌ని వేరే సాకెట్‌కి మార్చండి. ఏఎండీ ఆర్ఎక్స్ 6000 కార్డులున్నవాళ్లకి ఇది తప్పనిసరి, వాటిలో సాఫ్ట్‌వేర్ చూపించేది మొత్తం కార్డు వాడకం కాదు.

హద్దు ఎక్కడ పెట్టాలి? ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్ కింద మాక్స్ ఫ్రేమ్ రేట్. ఆటలోని హద్దు కొన్నిసార్లు మెనూలకి వర్తించదు, ఖాళీ మెనూ వందల ఫ్రేములు గీస్తూ ఫ్యాన్లను అరిపిస్తుంది. రెండు చోట్లా పెట్టకండి, ఫ్రేముల నడక కుంటుపడుతుంది. జీ-సింక్ (మానిటర్ వేగాన్ని ఫ్రేములకు తగ్గట్టు మార్చేది) ఉంటే 90 బాగుంటుంది. లేకపోతే 144లో సరిగ్గా సగం, 72, వీ-సింక్‌తో (ఫ్రేములను మానిటర్ వేగానికి కలిపే సెట్టింగ్). అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ 'ప్రిఫర్ మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్' మీద ఉంటే నార్మల్‌కి మార్చండి, అది క్లాకుని కిందికి దిగనివ్వదు. ఆటలో డైనమిక్ రిజల్యూషన్ ఉంటే ఆపేయండి. కార్డు ఖాళీగా కనిపించగానే రిజల్యూషన్ పెంచి మిగిలిన వాట్లన్నీ తినేస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్ పక్కనే కనిపించే డీఎల్‌ఏఏ పేరు చూసి మోసపోవద్దు, అది పూర్తి రిజల్యూషన్‌లో గీసి ఆపైన అదనపు పని చేస్తుంది.

మోడ్ ఎంత కిందికి దించితే అంత ఆదా అనీ కాదు. అప్‌స్కేలింగ్ ఖర్చు బయటికి వచ్చే రిజల్యూషన్ మీద ఆధారపడుతుంది, కాబట్టి క్వాలిటీ నుంచి పెర్ఫార్మెన్స్‌కి, అంటే 1280x720కి దిగినా ఆ ఖర్చు దాదాపు అలాగే ఉంటుంది. డీఎల్‌ఎస్‌ఎస్‌లో 2025లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ అందంగా ఉంటుంది కానీ పాతదానికంటే బరువు. 1440పిలో ఈ రెంటి మధ్య ఉండే బ్యాలెన్స్‌డ్ మోడ్ కంటే కిందికి వెళ్లడం బొమ్మకి నష్టం, మీటరుకి పెద్ద లాభం లేదు.

ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డు కల్పించిన ఫ్రేమును చొప్పించేది) ఆన్ చేసి 120 హద్దు పెడితే అసలు గీసేవి 60, ప్రాసెసర్‌కి కూడా సగం పనే. కానీ అదే హద్దుని 60కి దించకండి. అసలు ఫ్రేములు 30కి పడి మౌస్ బరువెక్కుతుంది.

గోడ దగ్గర 80 వాట్లు తగ్గాయనుకుంటే రోజుకు 4 గంటల ఆటకి నెలకు 9.6 యూనిట్లు. ఏపీలోనైనా తెలంగాణలోనైనా ఇంటి బిల్లులో చివరి యూనిట్లు మీరు చేరిన పై స్లాబు రేటుకే పడతాయి, కాబట్టి తగ్గేవి ఖరీదైన యూనిట్లే. మే నెలలో ఏసీ గదిలో అయితే ఆ 80 వాట్ల వేడిని బయటికి తోసే పని కూడా ఏసీకి తప్పుతుంది.

ఇదంతా చేశాక ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 75 శాతానికి, అంటే 150 వాట్లకి దించండి. పేలుళ్లు, పొగ ఉన్న బరువైన సన్నివేశాల్లో కూడా కార్డు 150 దగ్గరే ఆగుతుంది. ఆ సన్నివేశాల్లో ఫ్రేములు 72 కంటే కిందికి పడితే లిమిట్ పెంచకండి, క్వాలిటీ నుంచి బ్యాలెన్స్‌డ్‌కి ఒక్క మెట్టు దిగండి.