మెకానికల్ డిప్లొమా నుంచి రోబోటిక్స్ సాఫ్ట్‌వేర్‌కి నేను వచ్చిన దారి

"పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేశాను. గాజువాకలో ఫ్యాబ్రికేషన్ షాపులో రెండేళ్లుగా పని. కోడింగ్ అంతంతమాత్రం. రోబోటిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి రావడం అయ్యే పనేనా? వైజాగ్ నుంచి అలా వచ్చినవాళ్లున్నారా?" అని అడిగారు. ఉన్నారండీ, నేనొకణ్ణి. కాకపోతే ముందు తలుపులోంచి కాదు, పెరటి దారిలో వచ్చాను.

మాది మల్కాపురం. నాన్న షిప్‌యార్డులో కాంట్రాక్టు ఫిట్టర్. 2009లో టెన్త్ అయ్యాక కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరాను. 2012లో ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లాను. ఇక్కడే ఒక తిరకాసుంది. మా కాలేజీలో మెకానికల్ వాళ్లకి సీ లాంగ్వేజ్ మొదటి సంవత్సరంలోనే చెప్పేసేవారు. ఈసెట్ వాళ్లం ఆ సంవత్సరం చదవం కదా. అలా 2015లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, ఫర్ లూప్ అంటే ఏంటో తెలియకుండానే బయటికొచ్చాను. చివరి ఏడాది నేర్చుకుందామని మొదలుపెట్టేసరికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, లాప్‌టాప్ చచ్చింది, ఆ ఉత్సాహమూ దాంతోపాటే పోయింది. తుఫానుది సగం తప్పే అనుకోండి, మిగతా సగం నాది.

తర్వాత ఆటోనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఆటోక్యాడ్ డ్రాఫ్టింగ్, నెలకి తొమ్మిది వేలు. మధ్యలో ఒక కోచింగ్ సెంటర్‌లో "రోబోటిక్స్, ఉద్యోగం గ్యారంటీ" అంటే ముప్పై వేలు కట్టాను. నేల మీద నల్ల టేపు వెంట నడిచే బొమ్మ బండి ఒకటి చేయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఆ డబ్బు గురించి ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఆ కసితోనే రాత్రిపూట రోజూ గంటసేపు పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

2018లో గోడౌన్లలో సరుకు మోసే రోబో బళ్లు చేసే ఒక కంపెనీ సర్వీస్ ఇంజనీర్లు కావాలంది. బండిని కస్టమర్ దగ్గరికి తీసుకెళ్లి నడిపించి చూపించడం, ఆగిపోతే వెళ్లి బాగుచేయడం, అదీ పని. ఇంట్లో చెబితే నాన్న అడిగాడు:

"కంపెనీ ఏటి చేస్తాదిరా?"

"బండి దానంతటదే ఎల్తాది నాన్నా, డ్రైవరుండడు."

"దానంతటదే ఎల్తాదంటే, మరి నువ్వెందుకురా అక్కడ?"

మీరు అడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది, ఎందుకంటే బండి దానంతటది సరిగ్గా వెళ్లదు.

ఒకసారి ఒక గోడౌన్‌లో బండి ర్యాకుల మధ్య బుద్ధిగా నడిచేది, బయటి హాల్లోకి రాగానే ఎడమకి లాగేది. సాఫ్ట్‌వేర్ టీమ్ నాలుగు రోజులు కోడ్ చూసింది. నేను రోజూ బ్యాగ్ ఫైళ్లు పంపేవాణ్ణి. రోబో సెన్సర్లు చెప్పిందంతా రికార్డు చేసి, ఆఫీసులో కూర్చుని మళ్లీ ఆడించి చూసుకునే ఫైళ్లవి. ఐదో రోజు ఎందుకో చక్రాలు విప్పి వెర్నియర్ పెట్టి కొలిచాను. ఒకటి 150 మిల్లీమీటర్లు, రెండోది 151.5. పాత చక్రం అరిగింది, పక్కది ఎవరో కొత్తది బిగించారు. ఒక్క శాతం తేడా. లెక్క చూడండి: రెండు చక్రాల మధ్య దూరం అర మీటరు. పది మీటర్లు నడిచేసరికి పెద్ద చక్రం పది సెంటీమీటర్లు ఎక్కువ పోతుంది. అంటే బండి సుమారు 11 డిగ్రీలు తిరిగి, మీటరు పక్కకి జరుగుతుంది. బండి మాత్రం తిన్నగానే వెళ్తున్నాననుకుంటుంది. ర్యాకుల మధ్యలో లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే సెన్సర్) రెండు పక్కల అంచులూ చూసి దాన్ని సరిదిద్దేది. హాల్లో సరుకు రోజూ అటూ ఇటూ మారేది కాబట్టి మ్యాప్‌తో పోలిక కుదరక, బండి చక్రాల లెక్కనే నమ్ముకునేది.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో చేతులు బొబ్బలెక్కేలా ఫైలింగ్ చేయించి, అడుగడుగునా వెర్నియర్ పట్టించిన మా మాస్టారిని ఆరోజు తలుచుకున్నాను. ఆ రిపోర్టు చూసే నన్ను టెస్టింగ్ టీమ్‌లోకి తీసుకున్నారు. అక్కడ ఏడాదిన్నర ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టీ పట్టీ సీ ప్లస్ ప్లస్ వచ్చింది. 2021 నుంచి నావిగేషన్ కోడ్ రాస్తున్నాను, ఎక్కువగా గోపాలపట్నంలో ఇంటి నుంచే.

ఇక మీ సంగతి. మొదట నేర్చుకోవాల్సింది రాస్, అంటే రోబోట్ ఆపరేటింగ్ సిస్టమ్. పేరులో ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉన్నా అది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, ఉబుంటు అనే లినక్స్ మీద నడిచే, రోబో ప్రోగ్రాములు రాయడానికి కావలసిన సరంజామా. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మైకు గుర్తు తెచ్చుకోండి. "శ్రీకాకుళం బస్సు ఫలానా ప్లాట్‌ఫారం" అని చెబుతారు. ఎవరు వింటున్నారో చెప్పేవాడికి తెలియదు, శ్రీకాకుళం వెళ్లాల్సినవాళ్లు మాత్రం లేస్తారు. రాస్‌లో టాపిక్ అంటే అదే. లైడార్ ప్రోగ్రాం తన కొలతలు చాటుతుంది, కావలసిన ప్రోగ్రాములు వింటాయి. పాత యూట్యూబ్ పాఠాలు చాలావరకు రాస్ 1 మీద ఉంటాయి, జాగ్రత్త. దాని చివరి వెర్షన్ నోయెటిక్‌కి 2025 మే నెలతో సపోర్టు అయిపోయింది. రాస్ 2 మొదలుపెట్టండి. రోబో కొనక్కర్లేదు, కంప్యూటర్‌లోనే రోబోని నడిపించి చూసే గజీబో సిమ్యులేటర్ చాలు.

లెక్కల్లో మ్యాట్రిక్సులు, త్రికోణమితి మళ్లీ తిరగేయండి. 1960లో కాల్మన్ ఇచ్చిన ఫిల్టర్ పేరు వినగానే టెన్షన్ పడకండి. చక్రం ఒకటి చెబుతుంది, లైడార్ ఇంకోటి చెబుతుంది, ఇద్దరూ కొంచెం కొంచెం తప్పే. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో లెక్కగట్టడమే అది. ఊరి పంచాయితీలు చూసినవాళ్లకి కొత్తేం కాదు.

ఉద్యోగం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. నేను చూసినంతలో అవకాశాలు బెంగళూరు, పుణె, హైదరాబాద్‌లలోనే ఎక్కువ. మొదట్లో జీతం వెబ్‌సైట్లు చేసే మీ స్నేహితుల కన్నా తక్కువ రావచ్చు, నాకు వచ్చింది. నేరుగా సాఫ్ట్‌వేర్ పోస్టుకి పిలవకపోతే సర్వీస్, టెస్టింగ్ పోస్టులకి పెట్టండి. ఫ్యాబ్రికేషన్‌లో రెండేళ్లు చేశానని రెజ్యూమెలో దాచకండి, పైనే రాయండి. చక్రం విప్పడానికి జంకనివాళ్లు ఈ పనిలో తక్కువ.

ఈ ఆదివారం ఉబుంటు, రాస్ 2 వేసుకుని, దాని అభ్యాస ప్రోగ్రాం టర్టిల్‌సిమ్ తెరవండి. తెర మీద తాబేలుంటుంది. ఇన్ని సెకన్లు ముందుకి, ఇన్ని సెకన్లు పక్కకి తిరుగు అని చెప్పి దానిచేత చతురస్రం గీయించండి. గీత మొదలైన చోటికే సరిగ్గా వచ్చి కలవకపోతే, ఎందుకు కలవలేదని మీకనిపిస్తోందో కింద రాయండి. చూసి చెబుతాను.